జిన్‌లోకి ఒక నిమ్మకాయ

తన వంటగదిలో నిమ్మకాయ పిండుకోవడం తన సొంత వ్యవహారమని గృహస్థుడికి ఉండే అపోహ ఈ మధ్యే అధికారికంగా తొలగిపోయింది. మద్యంలోకి పిండే ప్రతి నిమ్మకాయా ఇప్పుడు గృహ పానీయ మిశ్రమ పర్యవేక్షణ విభాగం పరిధిలోకి వస్తుంది. (టీలోకి పిండేది ఇంకా పరిశీలనలో ఉంది.)

గడియారాలు బాగుచేసే ఒకాయనకు ఈ సంగతి ఆదివారం మధ్యాహ్నం అనుభవంలోకొచ్చింది. ఆయన భార్య పెద్దాసుపత్రిలో నర్సు. ఆరు వారాల తర్వాత ఆమెకు దొరికిన మొదటి సెలవు అది.

"ఏం కావాలో చెప్పు, చేసిపెడతా," అన్నాడాయన.

"చల్లగా, పుల్లగా ఒక గ్లాసు జిన్ కలిపివ్వండి. కాళ్లు చాపుకుని తాగుతా."

ఆయన పద్ధతిగల మనిషి. జిన్ కొలిచాడు. పంచదార పాకం కాచి చల్లార్చాడు. మూత బిగుతుగా పట్టే స్టీలు డబ్బాలో ఐసు వేశాడు. ఆపైన నిబంధన ప్రకారం ఫోన్‌లో యాప్ తెరిచి నిమ్మకాయ ఫోటో ఎక్కించాడు. నిమ్మకాయ కళ్లు తెరిచి కెమెరా వైపు చూడాలని యాప్ కోరింది. మూడోసారి తన ముఖం పక్కన పెట్టి తీస్తే ఆమోదించింది. (రసీదులో "దరఖాస్తుదారు: నిమ్మకాయ. సంరక్షకుడు: పక్కనున్న వ్యక్తి" అని వచ్చింది.)

పావుగంటలో ముగ్గురు అధికారులు దిగారు: పులుపు ఇన్‌స్పెక్టరు, గింజల గుమాస్తా, డబ్బా ఊపుడు శబ్దాధికారి. ఆ వేగం చూసి నర్సు సోఫాలో లేచి కూర్చుంది.

గుమాస్తా గింజలు రెండుసార్లు లెక్కపెట్టాడు. డబ్బాను పన్నెండుసార్లకు మించి ఊపరాదని శబ్దాధికారి హెచ్చరించాడు. గడియారాలాయన అన్నీ డబ్బాలో పోసి, లెక్కపెట్టి పన్నెండుసార్లు ఊపి గ్లాసులోకి వంచాడు. ఇన్‌స్పెక్టరు నమూనా కింద సగం గ్లాసు తాగి, సందేహ నివృత్తి కోసం మిగతా సగమూ తాగాడు.

"ఎలా ఉంది సార్?" ఆశగా అడిగాడు గడియారాలాయన.

"చెప్పకూడదండీ. రహస్య నివేదిక," అని ఇన్‌స్పెక్టరు మూతి తుడుచుకున్నాడు.

అప్పుడు నర్సు నోరు విప్పింది. "మీరింత తొందరగా వస్తారని తెలీదు సార్. మా ఆసుపత్రిలో లిఫ్టు ఆగిపోయి పదకొండు నెలలైంది. రోగుల్ని కుర్చీలో కూర్చోబెట్టి నాలుగో అంతస్తుకి మోస్తున్నాం. మొన్నొక పెద్దాయన మెట్ల మధ్యలోనే స్పృహ తప్పాడు. పద్నాలుగు అర్జీలు పెట్టాం. ఒక్కరొచ్చి చూస్తే ఒట్టు."

ఇన్‌స్పెక్టరు అంతా శ్రద్ధగా రాసుకున్నాడు. "ఆ లిఫ్టులో నిమ్మకాయేమైనా ఉందామ్మా?"

"లేదండీ."

రాసింది కొట్టేశాడు.

వాళ్లు వెళ్లాక భర్త ఇంకో గ్లాసు కలుపుతానన్నాడు.

"జిన్ సంగతి తర్వాత. ఇంట్లో ఇంకో నిమ్మకాయుంటే ఇటివ్వండి," అందామె.

సోమవారం పొద్దున డ్యూటీకి వెళ్తూనే, నాలుగో అంతస్తులో నోరు తెరుచుకుని ఆగిపోయిన లిఫ్టు మధ్యలో ఆ కాయ పెట్టి, పక్కన తన ముఖం పెట్టి ఫోటో పంపింది.

పావుగంటలో ముగ్గురూ వచ్చారు. కుర్చీలో ముసలమ్మను మోస్తున్న ఇద్దరు ఆయాలను "కాస్త పక్కకి జరగండమ్మా, అర్జెంటు," అని దాటుకుంటూ, ఆయాసపడుతూ మెట్లెక్కారు. నిమ్మకాయను స్వాధీనం చేసుకున్నారు. లిఫ్టులో ఇక ఎలాంటి సమస్యా లేదని ధ్రువపత్రం అంటించి, మెట్లు దిగి వెళ్లిపోయారు.