ఎక్కడికని అడగకూడని కానుక

శనివారం పొద్దున్న ఇడ్లీపిండి కలుపుతూ ఉదయశ్రీ ఒక నిర్ణయానికి వచ్చింది. అత్తగారిని ఈరోజే మెట్రో ఎక్కించాలి. రేపటిదాకా ఆగితే ఆ పని తోడికోడలు నీరజ చేసేస్తుంది.

గొడవంతా అత్తగారు రాజేశ్వరమ్మ డెబ్భయ్యో పుట్టినరోజుతో మొదలైంది. "బీరువా తలుపు మూయాలంటే ఒకరు చీరలు నొక్కి పట్టాలి, ఇంకొకరు తాళం వెయ్యాలి. ఈసారి నాకు వస్తువులేవీ తేవద్దర్రా," అని ఆవిడ ముందే ప్రకటించింది. ఉప్పల్‌లో ఉండే చిన్నకోడలు నీరజ ఫోన్లో ఆ మాట అందుకుంది. "అయితే ఆదివారం మిమ్మల్ని మెట్రో ఎక్కిస్తాను అత్తయ్యా. ఈ చివర నుంచి ఆ చివరికి, మళ్ళీ వెనక్కి!" మెట్రోని కింద నుంచి చూడడమే తప్ప ఎక్కి ఎరగని రాజేశ్వరమ్మ పొంగిపోయింది. నాచారంలో వాళ్ళ మెట్ల మీద ఎదురుపడిన ప్రతివాళ్ళకీ మూడు రోజులుగా ఒకటే మాట. "మా నీరజకెంత ఆలోచనో!"

ఎనిమిదేళ్ళుగా ఆవిడకి వేళకి కాఫీ, వేళకి మాత్రలు అందిస్తున్నది ఉదయశ్రీ. అందులో ఆలోచన ఎవరికీ కనబడలేదు. నీరజ పేరు విన్నప్పుడల్లా ఆమెకి ఒళ్ళు మండిపోతోంది. మొదటిసారి మెట్రో ఎక్కడమనేది జన్మకొక్కసారే జరుగుతుంది, ఆ ఒక్కసారీ నీరజ కొట్టేస్తే ఎలా? "మా ఉదయకెంత ఆలోచనో" అని ఆవిడ నోట ఒక్కసారి వింటే చాలు.

"అత్తయ్యా, మంచి చీర కట్టుకోండి. బయటికి వెళ్దాం," అంది. రైల్లో ఏసీ చల్లగా ఉంటుందని శాలువా, మందుల సంచీ, ఫ్లాస్కులో వేడినీళ్ళు సర్దింది.

రాజేశ్వరమ్మ ఎక్కడికని అడగలేదు. బయల్దేరేటప్పుడు ఎక్కడికని అడిగితే వెళ్ళిన పని చెడుతుందని ఆవిడకి గట్టి నమ్మకం. ఎవరైనా నోరు జారి అడిగారా, లోపలికొచ్చి పది నిమిషాలు కూర్చుని, మంచినీళ్ళు తాగిగానీ మళ్ళీ గడప దాటదు. కింది వాటాలో సత్తమ్మ ఒకసారి అలా అడిగి చివాట్లు తింది.

ఆ చివాట్లు సత్తమ్మకి ఇంకా గుర్తున్నాయి. గేటు దగ్గర శాలువా చూసింది, ఫ్లాస్కు చూసింది, మందుల సంచీ చూసింది. దొరికిపోతానేమోనని పాలిపోయిన ఉదయశ్రీ ముఖం కూడా చూసింది. 'ఏడికి' అనబోయి నాలిక కరుచుకుంది.

"పెద్దమ్మా, పానం మంచిగనే ఉన్నది గదా?"

"మేం వెళ్ళినట్టు ఎవరికీ చెప్పకండి సత్తమ్మగారూ," అని ఉదయశ్రీ అత్తగారికి వినబడకుండా ఆమె చెవిలో ఊదింది. "ముఖ్యంగా నీరజకి."

"నాకేం పని బిడ్డా!" అంది సత్తమ్మ. ఆటో సందు మలుపు తిరిగిందో లేదో నీరజకి ఫోన్ చేసింది. "పెద్దమ్మను దవాఖానకు తోల్కపోతున్నరు బిడ్డా. నీకు జెప్పొద్దన్నరు, గందుకే జెప్తున్న."

"ఏ హాస్పిటల్‌కి?"

"ఏడికని ఎట్ల అడుగుత? అడగొద్దంటది గదా పెద్దమ్మ!"

నాచారానికి హబ్సిగూడ స్టేషనే దగ్గర. కానీ అక్కడ ఎక్కితే సీటు దొరకదని ఉదయశ్రీ ఆటోని ఉప్పల్‌కి పోనిమ్మంది. దారిలో ఉదయశ్రీకి నీరజ నుంచి ఫోన్ వచ్చింది. కట్ చేసింది. మళ్ళీ వచ్చింది, మళ్ళీ కట్ చేసింది. తర్వాత మొగుడు గిరిప్రసాద్ ఆఫీసు నుంచి చేశాడు. ఇదీ నీరజ పన్నాగమేనని ఫోనే ఆపేసింది. పక్కన అత్తగారు కొంగుతో కళ్ళు ఒత్తుకుంటోంది. కనిపెట్టేసినట్టుంది, ఆనందబాష్పాలు అనుకుని ఉదయశ్రీ మురిసిపోయింది.

ప్లాట్‌ఫారం మీద అత్తగారిని కూర్చోబెట్టి రెండు నిమిషాలు కాలేదు, నీరజ పరిగెత్తుకుంటూ వచ్చింది. తల సగమే దువ్వుకుంది. రెండు కాళ్ళకీ రెండు రకాల చెప్పులు. అత్తగారిని ఎప్పుడూ చూసే డాక్టరు తార్నాకలో ఉంటాడు, ట్రాఫిక్‌లో ఇరుక్కోకుండా మెట్రోలో పోదామని వచ్చిందట.

"అత్తయ్యా! ఏమైంది? అక్కా, డాక్టరేమన్నాడు?"

ఉదయశ్రీ నోరు తెరిచేలోపే రాజేశ్వరమ్మ లేచి, మందుల సంచీ నీరజ చేతికిచ్చింది. "వచ్చావా అమ్మా? పద పోదాం. ఉదయా, నీ మీద నాకేం కోపం లేదు. ఎనిమిదేళ్ళు చూసుకున్నావు, అదే చాలు. కాస్త ముందు చెప్పి పంపిస్తే బావుండేది."

"ఎక్కడికి పంపిస్తున్నానండీ?"

"నీరజ వాళ్ళింటికి. మూడు రోజులుగా నీ ముఖం చూడట్లేదా? శాలువా, మందులూ అన్నీ సర్దేశావు. ఇంటిదాకా రావడం ఇష్టంలేక ఇక్కడ అప్పగిస్తున్నావనుకున్నాను."

"ఒక్క మాట అడగొచ్చుగా అత్తయ్యా!"

"బయల్దేరేటప్పుడు అడక్కూడదుగా!"

ఇక దాచి లాభం లేదు. చుట్టూ ఉన్నవాళ్ళంతా చెవులప్పగించి వింటుండగా ఉదయశ్రీ తలొంచుకుని చెప్పేసింది. "డాక్టరూ లేడు, పంపడమూ లేదు. నీకంటే ముందు నేనే మెట్రో ఎక్కిద్దామని తీసుకొచ్చాను నీరజా."

రైలొచ్చింది. ముగ్గురూ ఎక్కారు. కోడళ్ళిద్దరి మధ్యా కూర్చుని రాజేశ్వరమ్మ చిన్నపిల్లలా కిటికీ వైపు మెడ తిప్పుకుంది. తార్నాక దాటాక గుర్తొచ్చి గిరిప్రసాద్‌కి ఫోన్ చేశారు. అప్పటికి అతను అక్కడి ఆసుపత్రిలో రెండు అంతస్తులు వెతికేశాడు.

తిరిగొచ్చేసరికి గేటు దగ్గర సత్తమ్మ కాచుకుని ఉంది. ఉదయశ్రీ చెవులు రిక్కించింది.

"మా నీరజకెంత ప్రేమో సత్తమ్మా!" అంది రాజేశ్వరమ్మ. "నాకు బాలేదనుకుని రెండు రకాల చెప్పులేసుకుని పరిగెత్తుకొచ్చింది!"

ఉదయశ్రీకి ఏడుపొక్కటే తక్కువ. మెట్లెక్కి గబగబా తాళం తీసింది. వెనకాలే వచ్చిన రాజేశ్వరమ్మ శాలువాని తన గదిలో ఎప్పటి కొక్కేనికే తగిలించి, మంచం మీద స్థిమితంగా కూర్చుంది.

"మెట్రో ఎవరైనా ఎక్కిస్తారే ఉదయా. మళ్ళీ మనింటికి తీసుకొచ్చావు. పుట్టినరోజుకి నాకిదే చాలు."

ఉదయశ్రీ వంటింట్లోకి వెళ్ళి కాఫీ కలిపింది. ఆరోజు పంచదార ఒక చెంచా ఎక్కువే పడింది.

ఆదివారం పొద్దున్నే నీరజ ఫోన్ చేసింది. మెట్రో ఎలాగూ అయిపోయింది కాబట్టి అత్తయ్యని వారం రోజులు తమ ఇంట్లో ఉంచుకుంటుందట, అదే ఆమె కానుకట. రాజేశ్వరమ్మ ఎగిరి గంతేసినంత పని చేసింది. "పంపేస్తే బాధగానీ, పిలిస్తే వెళ్ళడానికేం?"

ఉదయశ్రీ నవ్వుతూనే శాలువా మడతపెట్టి, మందుల సంచీలో సరిగ్గా ఏడు రోజులకి సరిపడా మాత్రలు సర్దింది, ఎనిమిదో రోజుకి ఒక్కటి కూడా పెట్టలేదు.