మా కంపెనీలో వైవిధ్యం నేనే

అయ్యలారా, అమ్మలారా! కార్పొరేట్ సమానత్వాన్ని ఆడిపోసుకునేవాళ్లు కాస్త నోరు అదుపులో పెట్టుకోండి. దానివల్ల బాగుపడ్డ మనిషిని, చెబుతున్నాను వినండి. మాది నీళ్ల పంపులు తయారుచేసే కంపెనీ. మా దగ్గర వైవిధ్యానికి వేరే శాఖ లేదు, ఖర్చూ లేదు. ఆ వైవిధ్యం నేనే!

పెద్ద హోదాల్లో ఉన్న ఆడమనిషిని నేనొక్కదాన్నే మరి. పంపుల నాణ్యత చూడటం నా ఉద్యోగం అని కాగితం మీద ఉంటుంది. అది తీరిక దొరికినప్పుడు చేసే పని. అసలు పని, గ్రూప్ ఫొటోలో మధ్య కుర్చీలో కూర్చోవడం. మా వెబ్‌సైట్ తెరవండి, నేనే. వార్షిక నివేదిక అట్ట మీద నేనే. లోపలి పేజీలో కళ్లజోడు పెట్టుకుని ఇంకో ఆవిడ నవ్వుతూ ఉంటుంది చూశారూ? ఆవిడా నేనే!

ఇంత గౌరవం మగవాళ్లలో ఎవరికి దక్కింది? పాపం, వాళ్లు నిర్ణయాలు తీసుకుని తీసుకుని అలసిపోయి వెనక వరసలో నిలబడతారు.

గిట్టనివాళ్లు నన్ను కూరలో కరివేపాకు అంటారు. శుద్ధ తప్పు! కరివేపాకుని తీసి పక్కన పెడతారు. నన్ను తెచ్చి మధ్యలో పెడతారు.

సమానత్వ కమిటీలో కూడా నేనున్నాను. ఆడవాళ్ల ఇబ్బందుల గురించి అంతమంది మగవాళ్లు చెమటోడ్చి చర్చిస్తుంటే మధ్యలో మాట్లాడటం ఏం మర్యాద? అయినా నోరు ఊరుకోక, మెషిన్ల దగ్గర పనిచేసే ఆడవాళ్లకి టాయిలెట్ లేదని ఒకసారి అన్నాను. ఎవరికీ వినపడలేదు. తర్వాతి మీటింగులో ఫైనాన్స్ ఆయన అదే ముక్క అన్నాడు. ఒకటే చప్పట్లు! నేనూ కొట్టాను. మాట నాది, గొంతు నొప్పి ఆయనది. ఇంతకన్నా సుఖం ఉందా? టాయిలెట్ ఇంకా రాలేదు గానీ దాని మీద పోస్టర్ వచ్చింది, చాలా బాగుంది.

ఇలా ఉండగా, మా కంపెనీలో డబ్బు పెడతామని ఒక పెట్టుబడి సంస్థ వచ్చింది. యాజమాన్యంలో ఆడవాళ్లుంటేనే చెయ్యి కలుపుతామని వాళ్ల రూలు. "మరి ఆడవాళ్లేరీ?" అని వాళ్ల మేడమ్ అడిగింది. మా ఎండీ గారు గర్వంగా నన్ను చూపించారు. ఒక్కదాన్నే ఇద్దరిలా కనపడాలని కాస్త వెడల్పుగా కూర్చున్నాను. ఆవిడ పంపుల గురించి నన్నేదో అడిగింది. నేను నోరు తెరిచేలోపు ఎండీ గారి బావమరిది జవాబు చెప్పేశాడు. తప్పు జవాబే అనుకోండి, కానీ ఎంత ధీమా!

ఈ బావమరిదికి పంపులో నీళ్లు ఎటునుంచి లోపలికి వెళ్తాయో నేర్పింది నేనే. ఈమధ్య ఫ్యాక్టరీ హెడ్ పదవి ఖాళీ అయింది. అది నాకేనని అందరూ అన్నారు, నేనూ నమ్మాను. అతనికిచ్చారు. ఎండీ గారు నన్ను పిలిచి మరీ ఓదార్చారు.

"నువ్వు మాకు చాలా ముఖ్యమమ్మా! నువ్వెళ్లి ఆ ఫ్యాక్టరీలో కూర్చుంటే ఇక్కడ ఫొటోలకి ఎవరొస్తారు చెప్పు?"

నిజమే కదా! ఇంటికెళ్లి ఇదే మా అత్తగారికి చెప్పాను. నా ఫొటోలన్నీ కత్తిరించి దాచుకునే మనిషి ఆవిడ. అవన్నీ ముందేసుకుని చూసింది.

"అన్నిట్లో నడిమధ్యన నువ్వే ఉన్నావు. మరి ఈ చివర నిలబడ్డవాడు నీకు పైవాడెలా అయ్యాడే?"

పాపం, ఆవిడకి కార్పొరేట్ వ్యవహారాలు తెలియవు. విడమరచి చెబుదామని నోరు తెరిచాను, ఏడుపొచ్చింది.

నిన్న ఆ పెట్టుబడి ఒప్పందం మీద సంతకాలు. పూలగుత్తులొచ్చాయి, కెమెరా వచ్చింది, మేడమ్ వచ్చింది. నేను మాత్రం ఫ్యాక్టరీలో పంపులు పరీక్షిస్తున్నాను. నా ఉద్యోగం అదే కదండీ! ఎండీ గారి ఫోన్.

"ఎక్కడున్నావమ్మా? మధ్య కుర్చీ ఖాళీ! నువ్వొస్తేగానీ సంతకం పెట్టనని మేడమ్ కూర్చుంది!"

"మీ బావమరిది గారిని కూర్చోబెట్టండి సార్. నాకు రావలసిన కుర్చీలో కూర్చోవడం ఆయనకి అలవాటేగా."

ఫోన్ పెట్టేసి పంపు స్విచ్ వేశాను. ఇది రాసే వేళకి ఆ సంతకం ఇంకా పడలేదట.