వెండెల్ వాకిట్లో ముందు కబురు

ఊరు లేవకముందే పట్నం వెళ్ళి వచ్చేయాలన్నది రోజూ ఉదయం వెండెల్ గిల్లిస్ పథకం. కారణం ఒట్టి సిగ్గు. కరెంటు కారు కొన్న ప్రతివాణ్ణీ రేవులో నిలబెట్టి వెక్కిరించిన నోరు ఆయనది. ఇప్పుడు తనే ఒకటి కొని కొట్టంలో దాచాడు. పక్కింటి లాక్లన్‌కు తెలిస్తే ఇక రేవులో తలెత్తుకోలేడు. అందుకే పొగమంచులో, దీపాలార్పి, పాకినట్టు నడిపేవాడు.

నెమ్మదిగా పోయేటప్పుడు ఆ కారు, ఎవరో నోరు మూసుకుని పాడుతున్నట్టు, సన్నగా మూలిగేది. ఎదురింటి ఎఫీ పిన్ని కిటికీలోంచి ఆ మూలుగు వింది; అది వెండెల్ వాకిట్లోకి వెళ్ళి ఆగింది. మనిషి కనబడలేదు, బండి కనబడలేదు. వాళ్ళుండే ప్రిన్స్ ఎడ్వర్డ్ ద్వీపంలో చావుకు ముందు ఇలా కంటికి కనబడని చప్పుడుగా కబురొస్తుందని తాతలనాటి నమ్మకం. అది ఎవరి వాకిట్లో ఆగితే ఆ ఇంటివాళ్ళకు నూకలు చెల్లినట్టే.

మధ్యాహ్నానికి పిన్ని అంచులు కోసిన గుడ్డు సాండ్‌విచ్‌ల పళ్ళెంతో వచ్చింది. అవి చావింటికి మాత్రమే చేస్తారు.

"ఎవరు పోయారు పిన్నీ?"

"ఇంకా ఎవరూ పోలేదు నాయనా. నువ్వు తిను."

తర్వాత పాదిరి వచ్చి, నీకు ఏ కీర్తన ఇష్టమని అడిగి వెళ్ళాడు. ఆ వెనకే లాక్లన్, టోపీ చేత్తో పట్టుకుని.

"ఒరేయ్, నీ పడవ ఎవరికిస్తున్నావురా?"

"ఎందుకివ్వాలి?"

"అక్కడ సముద్రం ఉంటుందో, ఉండదో..." అంటూ భోరుమన్నాడు.

"చెప్పెయ్యవయ్యా," అంది భార్య మర్నా, లాక్లన్ వెళ్ళాక.

"చచ్చినా చెప్పను!"

"ఊరంతా అనుకుంటున్నదీ అదే!"

కానీ లాక్లన్ ఏడుపు వెండెల్ గుండెను పిండేసింది. మర్నాడు తెల్లవారగానే అందర్నీ పిలిచి, కొట్టంలో టార్పాలిన్ లాగేసి, కారు నాలుగడుగులు నడిపి చూపించాడు. మూలుగు విని పిన్ని లెంపలేసుకుంది. అందరికంటే పెద్దగా నవ్వింది లాక్లనే.

"సిగ్గులేని వెధవా! దీనికంటే చావే నయంరా!"

వెండెల్ కారు ఆపి దిగాడు. నవ్వులు ఇంకా సాగుతుండగానే రోడ్డు మీద పొగమంచులో మూలుగు వినిపించింది. అదే మూలుగు. నవ్వులు ఆగిపోయాయి. అది తాపీగా వెండెల్ గేటు ముందునుంచి సాగిపోయింది. మంచు కదిలింది గానీ అందులో ఏమీ కనబడలేదు. పక్కకు తిరిగి, లాక్లన్ వాకిట్లోకి వెళ్ళి ఆగింది.

వెండెల్ లాక్లన్‌వైపు తిరిగాడు. "ఒరేయ్, నువ్వూ కొన్నావు కదూ?" అన్నాడు మెల్లగా. అవుననరా దేవుడా అని మనసులో మొక్కుకున్నాడు.

లాక్లన్ గబగబా తలూపాడు. "కొ... కొన్నానురా."

అమ్మయ్య అనుకుంటూ అందరూ ఇళ్ళకు పోయారు. లాక్లన్ మాత్రం తన ఇంటివైపు కన్నెత్తి చూడకుండా, తిన్నగా పట్నం వెళ్ళి కార్ల దుకాణం మెట్ల మీద కూర్చున్నాడు.

ఏ రంగు కావాలని తలుపు తీసినవాడు అడిగితే, మూలిగితే చాలన్నాడు.