పదిహేడో నొక్కు

ఆ ఆదివారం ఉదయం చార్టు గుమాస్తా పెట్టుకున్న పని ఒక్కటే. రెండు కప్పుల టీ ఒకేసారి పెట్టి, రెండూ వేడిగా ఉండగానే ఇద్దరూ ఎదురెదురుగా కూర్చుని తాగాలి. పన్నెండు వారాలుగా అతనికి ఇంతకు మించిన కోరిక లేదు.

బస్సు డిపోలో అతను డ్యూటీ చార్టు వేస్తాడు. అతని భార్య అదే డిపోలో డ్రైవరు. ఒకే డిపో గేటు, ఒకే ఇంటి తాళం. మనిషి మనిషికి కనబడటం మాత్రం కుదరదు. ఆమె బండి దింపి ఇంటికొచ్చేసరికి అతను ఆఫీసుకు బయల్దేరి ఉంటాడు. అతను తిరిగొచ్చేసరికి ఆమె మళ్ళీ స్టీరింగు ముందుంటుంది. ఆమె పడుకునే వేళకు దిండు మీద అతని తల పడ్డ గుంట అలాగే ఉంటుంది. అందులోనే తల పెట్టుకుని నిద్రపోతుంది.

వాళ్ళ కాపురమంతా ఫ్రిజ్ తలుపు మీద చీటీల్లో నడుస్తోంది. "పాలు విరిగాయి, టీ పెట్టుకోకు." "కుళాయి కారుతోంది. నిన్న కూడా కారింది, నువ్వు చూస్తావని ఆగాను." "నీ గొంతు ఎలా ఉంటుందో మర్చిపోయేలా ఉన్నాను. ఉల్లిపాయలు తే."

ఇది వాళ్ళ తలరాత అని ఎవరైనా అంటే నమ్మొద్దు. బస్సులు ఎక్కువ, మనుషులు తక్కువ పెట్టి నడిపే ప్రతి చోటా ఇదే తంతు. ఆయిలు పోయకపోతే ఇంజను ఆగిపోతుందని యాజమాన్యాలకు తెలుసు. ఆదివారం ఇవ్వకపోయినా మనుషులు ఆగరని కూడా తెలుసు.

చార్టు వేసే ప్రోగ్రాం గుమాస్తా సొంతంగా రాసిందే. కంప్యూటరు అతనికెవరూ నేర్పలేదు. పాత పుస్తకాలు ముందేసుకుని, తప్పులు చేసి, ఆ తప్పులతో పోట్లాడి నేర్చుకున్నాడు. అతనికి ముందు చార్టు వేసిన పెద్దమనిషి తనకు నచ్చినవాళ్ళకు ఆదివారాలు, నచ్చనివాళ్ళకు దూరపు రూట్లు రాసేవాడు. అది చూసి ఒళ్ళు మండి ఇతను ప్రోగ్రాం రాశాడు. అందులో సెలవులు చక్రంలా తిరుగుతాయి. మేనేజరు మేనల్లుడైనా, గుమాస్తా పెళ్ళామైనా, డ్రైవరుకు పన్నెండు వారాలకు ఒక్క ఆదివారం. కంప్యూటరు వచ్చిన పాపానికి డిపోలో తీగ ఉన్న ప్రతి వస్తువూ, అచ్చు వేయాల్సిన ప్రతి కాగితమూ అతని నెత్తినే పడ్డాయి.

ఒకసారి భార్య ఫ్రిజ్ మీద రాసింది: "ప్రోగ్రాం రాసింది నువ్వే కదా. నాకొక ఆదివారం రాయలేవా?" అతను కింద రాశాడు: "రాస్తే ఆ పెద్దమనిషికీ నాకూ తేడా ఏంటి?" మర్నాడు దాని కింద ఇంకో వరుస కనబడింది. "తేడా లేకపోయినా పర్లేదని రాద్దామనుకున్నా. కానీ నువ్వన్నదే నిజం. ఉల్లిపాయలు మళ్ళీ మర్చిపోయావు."

చక్రం తిరిగి తిరిగి ఆ ఆదివారం ఆమె వంతు వచ్చింది. ముందురోజు సాయంత్రం అతను ఇంటికొచ్చేసరికి ఆమె ఒళ్ళు తెలియని నిద్రలో ఉంది. లేపడానికి మనసొప్పక పక్కన కుర్చీ వేసుకుని చాలాసేపు చూస్తూ కూర్చున్నాడు. ఎలాగూ పొద్దున్నుంచి రోజంతా మనదే అనుకున్నాడు.

ఏడు దాటాక, అతను వంటింట్లో ఉండగానే, ఆమె లేచి నేరుగా స్నానానికి వెళ్ళింది. గుమాస్తా కప్పులు రెండూ కడిగి పొయ్యి వెలిగించబోతుంటే ఫోను మోగింది. డిపో నుంచి కంట్రోలరు. డిపోలో అందరికీ ఆయన బాబాయే. ఒక్క వేలితో టైపు చేస్తాడు, రెండో వేలితో అవసరం రాలేదంటాడు.

"అబ్బాయ్, నీ ప్రోగ్రాం లేవట్లేదురా."

"ఎర్రర్ ఏమన్నా చూపిస్తోందా?"

"చూపిస్తే గొడవేముంది, తిట్టుకుంటూ చదివేవాణ్ణి. నొక్కితే ఓ చక్రం కాసేపు గిరగిరా తిరుగుతోంది, తర్వాత ఏమీ లేదు. అచ్చం మన మేనేజరు మాటిచ్చినట్టు."

"అది పాత డబ్బా బాబాయ్, నిదానంగా లేస్తుంది. రాకపోతే మళ్ళీ నొక్కు."

గుమాస్తా తన బతుకులో ఇచ్చిన సలహాలన్నిటిలోకీ చెత్త సలహా అదే. కానీ ఆ సంగతి అతనికి ఇరవై నిమిషాల దాకా తెలియలేదు. అప్పటికి పొయ్యి మీద టీ కాగుతోంది. స్నానాలగదిలోంచి ఆమె కూనిరాగం వినబడుతోంది. ఆమె పాడుతుందన్న సంగతే అతను మర్చిపోయాడు. గరిటె పట్టుకుని అలాగే వింటూ నిలబడ్డాడు. మళ్ళీ ఫోను.

"అబ్బాయ్, ఎనిమిదిన్నర బండికి డ్రైవర్లొచ్చారు."

"మంచిదేగా."

"ఐదుగురొచ్చారు. ఒకాయన సగం గడ్డం గీసుకుని వచ్చాడు, నురగ ఇంకా చెవి మీదే ఉంది. ఆరో ఆయన గేటు దగ్గర సైకిలు దిగుతున్నాడు. అందరికీ నీ ప్రోగ్రామే కబురు పెట్టిందట."

"మరి అసలు డ్రైవరేడీ?"

"ఆయన అందరికన్నా ముందే వచ్చాడు. 'నీ డ్యూటీ నాకు పడింది' అని ఒకాయన రాగానే, 'నూరేళ్ళు బతుకు నాయనా' అని తాళాలు చేతిలో పెట్టి పోయాడు. ఫోను కూడా కట్టేశాడు."

గుమాస్తా పొయ్యి ఆర్పేశాడు. ప్రోగ్రాంలో ఒక ఏర్పాటుంది. తెల్లవారుజాము బండ్లకు ముందురోజే డ్రైవర్లు ఖాయమైపోతారు. ఏడు తర్వాత బయల్దేరే ఎనిమిదిన్నర బండికి మాత్రం, డ్రైవరు వచ్చినట్టు కంట్రోలరు గుర్తు పెట్టాలి. గుర్తు లేకపోతే ప్రోగ్రాం తెరుచుకోగానే, ఆ రోజు సెలవులో ఉన్నవాళ్ళలో ఒకరికి "డ్యూటీకి రండి" అని ఫోనుకు కబురు పంపుతుంది. మళ్ళీ తెరిస్తే మళ్ళీ చూస్తుంది. ఇంకా గుర్తు లేదు కాబట్టి తర్వాతి పేరుకు పంపుతుంది. ఎంతమందికి పంపినా చివరి పేరే చెల్లుతుంది.

"ఎన్నిసార్లు నొక్కావు బాబాయ్?"

"నువ్వేగా నొక్కమన్నావు. ఉండు, తెర కింద బొమ్మలు వరుస కట్టి నిలబడ్డాయి, లెక్కెడతా." ఒక్క వేలితో లెక్కపెట్టడానికి కాస్త సమయం పట్టింది. "పదహారు."

అంటే ప్రోగ్రాం లేవక కాదు, పదహారుసార్లు లేచింది. ఒకటి తెరిచి ఉండగా రెండోది తెరవకూడదన్న కట్టడి రాయడం గుమాస్తా మర్చిపోయాడు. కానీ పదహారు లేచి ఒక్కటీ కనబడకపోవడమేమిటి?

"బాబాయ్, రెండో తెర మీద చూడు."

"రెండో తెరెక్కడిదిరా? నిన్న సాయంత్రం మేనేజరుగారు ఊడబీక్కెళ్ళారు. తన గదిలో పెట్టుకుని గేటు కెమెరా చూస్తారట, ఎవరు ఆలస్యంగా వస్తున్నారో కనిపెట్టడానికి."

గుమాస్తా గోడకు చేరగిలబడ్డాడు. ప్రోగ్రాంలో అతను గర్వంగా రాసుకున్న సొగసు ఒకటుంది. ఎక్కడ మూస్తే అది మళ్ళీ అక్కడే తెరుచుకుంటుంది. నిన్నటి దాకా అది రెండో తెర మీద ఉండేది. ఆ తెర పోయిందని దానికి ఎవరూ చెప్పలేదు. పాపం, పాత చోటునే నమ్ముకుని, చూసే మనిషి లేని ఖాళీలోకి పదహారుసార్లు వచ్చి కూర్చుంది.

అప్పుడు అతనికి ఇంకోటి గుర్తొచ్చింది. ఆదివారం సెలవు జాబితాలో ఉన్నది పదిహేడుమంది. ఇప్పటిదాకా సెలవుల్లో తక్కువసార్లు డ్యూటీకి వచ్చినవాళ్ళను ముందు పిలవాలి, ఎక్కువసార్లు వచ్చినవాళ్ళను చివర పిలవాలి. అదీ అతను రాసిన న్యాయమే. ఆ జాబితాలో ఆఖరి పేరు అతని భార్యది.

"బాబాయ్, మౌసు మీంచి చెయ్యి తీసెయ్! నీ కాళ్ళు పట్టుకుంటా, ఇంకొక్కసారి కూడా నొక్కకు!"

"నొక్కనులేరా, అరవకు. ఇందాకట్నుంచీ మెల్లగా నొక్కుతున్నానేమోనని, ఈసారి కాస్త గట్టిగా నొక్కి చూశా, అంతే."

అలమరలో ఉన్న భార్య ఫోను గుర్రుమంది.

స్నానాలగదిలో కూనిరాగం ఆగింది. "ఎవరిదా ఫోను?"

"ఎవరిదీ కాదు," అన్నాడు గుమాస్తా. పన్నెండు వారాల తర్వాత భార్యతో నోటితో అన్న మొదటి మాట అబద్ధమైంది.

ఫోను చేతిలోకి తీసుకున్నాడు. కబురు తెర మీద మెరుస్తోంది. బొటనవేలితో ఒక్క తోపు తోస్తే పోతుంది. వేలు గాల్లో ఉండగానే ఆమె తడి జుట్టుకు తువ్వాలు చుట్టుకుని వచ్చి చెయ్యి చాపింది.

"ఇటివ్వు."

చదివింది. కప్పుల వంక, ఆరిన పొయ్యి వంక, మొగుడి మొహం వంక చూసింది.

"అది పొరపాటున వచ్చింది," అన్నాడతను. "ప్రోగ్రాం తప్పు. రాసినవాణ్ణి నేనే చెప్తున్నా కదా, వెళ్ళక్కర్లేదు."

"నేను వెళ్ళకపోతే రేపు గైర్హాజరు వేసేదెవరు, నువ్వా? ఎనిమిదయింది. ఆ బండిలో జనం కూర్చుని ఉంటారు."

"నాకంటే జనం ఎక్కువా?"

"ఏమయ్యా, చిన్నపిల్లాడిలా! నడు, డిపోకెళ్ళి తేల్చుకుందాం. నిజంగా తప్పయితే ఇద్దరం కలిసే తిరిగొద్దాం." రెండడుగులు వేసి ఆగింది. "ఆ టీ ఫ్లాస్కులో పొయ్యి. పారబొయ్యకు."

డిపో ఆవరణలో పదహారుమంది ఉన్నారు. నురగ చెవి మీదే ఎండిపోయినాయన, ఒక కాలికే సాక్సు వేసుకున్నాయన, కూరగాయల సంచీతో సహా వచ్చినావిడ. ఎవరికీ ఆ డ్యూటీ అక్కర్లేదు. చివరి పేరే చెల్లుతుందని అందరికీ తెలుసు గనక, వచ్చిన ప్రతి ఒక్కరూ గేటు వంక చూస్తూ, తమ తర్వాత ఇంకొకరు రావాలని ఎదురుచూస్తున్నారు. కొత్త మనిషి కనబడగానే ముందువాళ్ళు చప్పట్లు కొడుతున్నారు.

అందరికన్నా వెనక, మెట్ల మీద, పదహారో డ్రైవరు కూర్చున్నాడు. చేతిలో అరచేతికి సరిపడేంత ఊలు టోపీ ఉంది. "పది రోజుల్నుంచి మా పాప మెలకువగా ఉన్నప్పుడు చూళ్ళేదన్నా," అన్నాడు గుమాస్తాతో. "ఇందాకే కళ్ళు తెరిచింది. టోపీ పెడుతుంటే కబురొచ్చింది. చేతిలో ఉన్నది ఉన్నట్టే వచ్చేశా. నా తర్వాత ఎవరన్నా ఉన్నారా అన్నా?"

గుమాస్తా కంట్రోలరు గదిలోకి వెళ్ళాడు. అద్దాల కిటికీకి పదహారు ముఖాలు అతుక్కున్నాయి. భార్య గుమ్మంలో నిలబడింది.

"బాబాయ్, జరుగు." తెర దాటిపోయిన విండోను ఇటు లాగడానికి ఆల్ట్ మీట, స్పేసు మీట కలిపి నొక్కి, ఎమ్ నొక్కి, ఎడమ బాణం అదిమి పట్టుకున్నాడు. కాసేపు ఏమీ కాలేదు. తర్వాత తెర కుడి అంచు నుంచి సన్నగా ఒక గీత వచ్చింది. గీత పట్టీ అయింది, పట్టీ విండో అయింది. ఇంతసేపూ అది ఎక్కడికీ పోలేదు. పక్కనే, చూపుకు రెండంగుళాల అవతల, పిలుపు కోసం కాచుకుని ఉంది.

"నీ దుంప తెగ! అక్కడ దాక్కున్నావా?" అన్నాడు బాబాయి.

విండోలో చివరి వరుసలో భార్య పేరు ఉంది. పక్కన రెండు బటన్లు. ఒకటి 'ఖాయం', రెండోది 'కొట్టివేత'. కొట్టివేత తాళంమాట గుమాస్తాకు తప్ప ఎవరికీ తెలియదు. కొట్టేస్తే బండి పదహారో పేరుకు పోతుంది. ఎవరూ కాదనలేరు, చాలామందికి అర్థం కూడా కాదు. మళ్ళీ ఇలాంటి ఆదివారం ఎనభై నాలుగు రోజుల తర్వాత గానీ రాదు.

అతను తాళంమాటలో మొదటి నాలుగక్షరాలు కొట్టాడు. తల ఎత్తాడు. అద్దం అవతల పదహారోవాడు టోపీని వేళ్ళ మీద తగిలించుకుని ఇటే చూస్తున్నాడు. గుమ్మంలో భార్య కూడా ఆ టోపీనే చూస్తోంది.

"ఏంటి ఆలోచిస్తున్నావ్?" అంది మెల్లగా. "ఉల్లిపాయలా?"

అతను నాలుగక్షరాలూ చెరిపేసి 'ఖాయం' నొక్కాడు.

బయట పదహారుమంది ఒక్కసారి ఊపిరి వదిలారు. టోపీ ఉన్నవాడు గేటు దాకా పరుగెత్తి, తిరిగొచ్చి భార్యాభర్తలిద్దరికీ దండం పెట్టి, మళ్ళీ పరుగెత్తాడు. అప్పుడే మేనేజరు తన గదిలోంచి వచ్చాడు. కెమెరాలో అంతా చూశాడట. "సెలవు రోజున ఇంతమంది ఇంత టైముకు రావడం చాలా సంతోషం," అని మెచ్చుకున్నాడు. ఆ తెర వెనక్కి ఇమ్మని గుమాస్తా అడిగితే, "ఇంత బాగా పని చేస్తున్నదాన్ని ఎందుకు కదపడం?" అన్నాడు.

ఎనిమిదిన్నరకు ఆమె డ్రైవరు సీటు ఎక్కి అద్దం సరిచేసుకుంది. అద్దంలో తన వెనక సీట్లో ఫ్లాస్కు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్న ప్రయాణికుడు కనబడ్డాడు.

"ఎక్కడికి?" అంది.

"నీ బండి ఎక్కడిదాకా పోతుందో అక్కడిదాకా."

"నాలుగు గంటల దారి. అక్కడ అరగంట ఆపుతా."

"అరగంటలో టీ తాగొచ్చు. అంతవరకూ మాట్లాడుకుంటూ పోదాం. పన్నెండు వారాలవి ఉన్నాయి. నీ గొంతు..."

ఆమె నవ్వింది. వేలెత్తి తల పైన చూపించింది. 'బస్సు నడుచునప్పుడు డ్రైవరుతో మాట్లాడరాదు' అని అక్కడ పెద్ద పెద్ద అక్షరాల్లో బోర్డు ఉంది. పోయిన నెల మేనేజరు చెప్పగా దాన్ని అచ్చు వేసి, ప్రతి బస్సూ ఎక్కి తన చేత్తో అంటించినవాడు గుమాస్తాయే.

ఊడిపోకుండా ఉండాలని జిగురు కాస్త ఎక్కువే పూశాడు.