వలసలను ఆపిన స్కానర్

మా జిల్లాల నుంచి గల్ఫ్‌కు పోయే వలసలను ఆపగల శక్తి ఈ భూమ్మీద ఒక్కదానికే ఉందని సగర్వంగా ప్రకటిస్తున్నాను. అది ప్రభుత్వం కాదు, పథకమూ కాదు. లైనక్స్ కంప్యూటర్‌కు జత చేయబోయిన వైర్‌లెస్ స్కానర్!

నవ్వకండి. కోరుట్లకు వచ్చి చూడండి.

బస్టాండ్ దగ్గర యాదగిరి జిరాక్స్ సెంటర్ ఉంది. ఊళ్లోని పెన్‌డ్రైవ్‌లన్నీ తమ జబ్బులను అతని కంప్యూటర్‌కే అంటించి పోయేవి. హైదరాబాద్‌లో చదువుకునే మేనల్లుడు అరవింద్ దసరాకు వచ్చి, "మామా, దీనికి వైరస్ రాదు, పైసలు గూడ అక్కర్లేదు" అని విండోస్ తీసేసి లైనక్స్ ఎక్కించి, మరునాడే బస్సెక్కాడు. ఆ తరువాత యాదగిరి, తీగలు కాళ్లకు తగులుతున్నాయని, తీగ లేని స్కానర్ కొన్నాడు. ఈ రెండు నిర్ణయాలూ కలిసిన చోట చరిత్ర మొదలైంది.

కంప్యూటర్‌కు మూరెడు దూరంలో స్కానర్. అయినా ఇది దాన్ని గుర్తు పట్టదు! యాదగిరి నల్లటి తెర తెరిచి, అరవింద్ ఫోన్‌లో పంపిన ఆదేశాన్ని ఒక్కో అక్షరం వెతుక్కుంటూ కొడతాడు. కంప్యూటర్ కాసేపు ఆలోచించి ఇంగ్లిష్‌లో జవాబిస్తుంది. స్కానర్లేవీ కనబడలేదట. మీరు మరోలా ఆశించి ఉంటే, ప్లగ్గు పెట్టారో లేదో చూసుకోమంటుంది.

ఎంత మర్యాద! లేనిదాన్ని లేదని చెప్పింది. మనం ఏదో ఆశపడి వచ్చి ఉంటామని కూడా ఊహించింది. మీరు ఇన్ని ఆఫీసులకు తిరిగారే, ఒక్కచోటైనా ఇలాంటి మాట విన్నారా? సిరిసిల్లకు బట్ట ఆర్డర్లు "వచ్చే వారం" వస్తాయని ఎంత కాలంగా వింటున్నాం!

ఆ రోజు యాదగిరి బెంచీ మీద నర్సింగం భార్యతో వచ్చి కూర్చున్నాడు. సిరిసిల్లలో సాంచలు, అంటే మరమగ్గాలు, నడిపిన మనిషి. ఆ చప్పుడులోనే పుట్టి పెరిగాడు. ఆర్డర్లు లేక సాంచలు ఆగాక అతనికి నిద్ర దూరమైంది. నిశ్శబ్దంలో ఎవరో తనను లేపి కూర్చోబెట్టినట్టు ఉంటుంది. అప్పటి నుంచి భార్య స్వప్న పుట్టిల్లయిన కోరుట్లలోనే ఉంటున్నారు. ఆమె బీడీలు చుడుతుంది. యాదగిరి ఆమెకు పెద్దనాన్న కొడుకు.

మస్కట్‌లో గోదాము పని ఉందని జగిత్యాల ఏజెంటు చెప్పాడు. పాస్‌పోర్ట్ స్కాన్ చేసి సాయంత్రంలోగా పంపాలి. ఫోన్‌లో తీసిన ఫోటో చెల్లదు. ఆలస్యమైతే ఆ వీసా ఇంకొకరికి పోతుంది.

సిరిసిల్లలో ఉన్న నర్సింగం తల్లి లసుమవ్వ, ఈ వీసా వస్తే వేములవాడ రాజన్నకు కోడెను కడతానని మొక్కింది. స్వప్న, ఈ స్కానర్ దొరకకుంటే కోడెను కడతానని మనసులో మొక్కుకుంది. ఒకే స్కానర్ మీద రెండు మొక్కులు! దేవుడి ఇబ్బంది కాస్త ఆలోచించండి.

నర్సింగం మాత్రం ఏమీ మొక్కలేదు. ఏం కావాలో తెలియనివాడు ఏమని మొక్కుతాడు?

"దొరికిందా బావా?" అని అడుగుతాడు. లేదనగానే "అయ్యో" అంటాడు. కానీ ఆ అయ్యో బయటికి రాకముందే అతని భుజాలు హాయిగా కిందికి జారుతాయి. నాలుక అబద్ధం నేర్చుకున్నంత త్వరగా భుజాలు నేర్చుకోలేవు.

"నిమ్మలంగ చూడు బావా. గంత తొందరేమున్నది?"

"సాయంత్రం లోపల పంపాలంటివి గదనే!" అన్నాడు యాదగిరి.

"అంటి గని... మిషన్ గదా. దానికి సుత మనసు రావాలె."

"ముందుగాల నీకచ్చిందా మనసు?" అంది స్వప్న. నర్సింగం ఫ్యాన్ వైపు చూశాడు.

ఊళ్లో ఇంకో స్కానరే లేదా అని మీరు అడగవచ్చు. ఉంది. రోడ్డుకు అవతల, సరిగ్గా ఎదురుగా. తీగ ఉన్నది, పెట్టిన కాగితాన్ని పెట్టినట్టే తీసిచ్చేది. ఆ బోర్డు కంటబడకుండా నర్సింగం మెడను ఎన్ని తిప్పలు పెట్టాడో! స్వప్న అయితే రోడ్డుకు వీపు తిప్పే కూర్చుంది.

చూశారా! వలస ఆగిందా, లేదా? అందుకే గల్లీకొక వైర్‌లెస్ స్కానర్, ఇంటికొక లైనక్స్ ఇవ్వాలని నా డిమాండ్. ఎడారిలో బరువులు మోసేవాడు దొరకక, షేకులు స్వయంగా విమానాలెక్కి మనుషులను వెతుక్కుంటూ మా కోరుట్లకే దిగుతారు. వాళ్ల కాగితాలూ యాదగిరే స్కాన్ చేయాలి. ఇక వాళ్లు ఎప్పటికీ తిరిగి పోలేరు!

ఇంతలో అరవింద్ ఫోన్ చేశాడు.

"మామా, స్కానర్ ఏ వైఫైల ఉన్నదో చూసినవా?"

చూస్తే అది మేడ మీది పళ్ల డాక్టర్ వైఫైలో ఉంది. మొదటి రోజు పాస్‌వర్డ్ అడగని పేరు ఒకటి కనబడితే యాదగిరి అదే నొక్కాడు. కంప్యూటరేమో షాపు వైఫైలో ఉంది. పక్కపక్కనే కూర్చున్నా ఎవరి లోకం వాళ్లదే.

నర్సింగానికి అన్న గుర్తొచ్చాడు. దుబాయ్ నుంచి సెలవు మీద వచ్చినప్పుడు అన్న తన పక్కనే కూర్చుని అన్నం తినేవాడు. ఏదడిగినా కాసేపాగి, ఎక్కడి నుంచో తిరిగొచ్చినట్టు "ఆఁ?" అనేవాడు. రేపు స్వప్న పక్కన తాను కూడా అంతేనా?

యాదగిరి స్కానర్‌ను షాపు వైఫైలోకి మార్చే పనిలో ఉండగా, నర్సింగం ఫోన్ మోగింది. సిరిసిల్లలో అతను పనిచేసిన సాంచల యజమాని, జలపతి ఆసామి. నర్సింగం ఒక్క ఉదుటున లేచి నిలబడ్డాడు. అంత వేగంగా లేవడం ఈ మధ్య ఎవరూ చూడలేదు. ఫోన్ స్పీకర్‌లో పెట్టాడు, స్వప్న కూడా వినాలని.

"ఆసామీ! నూలచ్చిందా?"

"నూలెక్కడిదిర! సాంచలు పాత ఇనుముకు ఇస్తున్న. ఇప్పేటోళ్లు కావాలె. ఇన్నేండ్లు నడిపినోనివి, నువ్వైతెనే మంచిగుంటది. రేపు రా. కూలి ఇస్త."

నర్సింగం ఫోన్ పెట్టేశాక కూడా నిలబడే ఉన్నాడు. ఎందుకు లేచాడో మరిచిపోయినవాడిలా.

స్వప్న సంచిలోంచి పాస్‌పోర్ట్ తీసింది.

"నడువు. ఎదురుంగ దుకాణమున్నది గదా."

"నీకెప్పటి సంది ఎరుక?"

"నీకెప్పటి సందో, నాకు సుత అప్పటి సందే."

ఇద్దరూ రోడ్డు దాటారు. ఆటో ఒకటి హారన్ కొట్టుకుంటూ అడ్డం వచ్చింది. ఆ మోతలో వెనక నుంచి యాదగిరి కేక వాళ్లకు వినబడలేదు.

"దొరికింది! దొరికిందే చెల్లే!"

బెంచీ మీద ఎవరూ లేరు. ఆ సంతోషం ఆపుకోలేక యాదగిరి అద్దం మీద ఏమీ పెట్టకుండానే బటన్ నొక్కాడు. స్కానర్ లోపల వెలుగు ఈ కొస నుంచి ఆ కొసకు నడిచింది. తెర మీదికి తెల్లటి పేజీ వచ్చింది. వంకర లేదు, నీడ లేదు. చాలా శుభ్రంగా వచ్చింది.

కాబట్టి పాఠకులారా, మొదట చేసిన ప్రకటనను మర్యాదగా వెనక్కి తీసుకుంటున్నాను. స్కానర్ వలసలను ఆపుతుందని ఆశపడ్డందుకు క్షమించండి. అయితే మా జిల్లాల్లో ఏ యంత్రమూ నడవడం లేదని ఇకమీదట ఎవరైనా రాస్తే మాత్రం ఊరుకోను. యాదగిరి స్కానర్ బ్రహ్మాండంగా నడుస్తోంది.