చేతిలో బంతి, నోట్లో వాక్యం

ఆదివారం పొద్దున్నే సూదత్త గుడ్డపీలికల బంతికి ఆఖరి కుట్టు వేసి, పళ్ళతో దారం తెంపింది. బట్టలు కుడుతుంది కనుక సంఘమంతా ఆమెను ఆ పేరుతోనే పిలుస్తుంది. సండేస్కూల్లో పెద్దపిల్లల తరగతి ఆమెది. మిఠాయి చూపిస్తే చిన్నపిల్లలు బైబిలు వాక్యం అప్పజెబుతారు. నూనూగు మీసాలవాళ్ళు మిఠాయి తినేసి ఆవలిస్తారు. అందుకని ఆమె ఒక ఆట కనిపెట్టింది. బంతి పట్టుకున్నవాళ్ళు వాక్యంలో తరువాతి ముక్క చెప్పి ఇంకొకరికి విసరాలి. చెప్పలేకపోతే ఒంటికాలిమీద నిలబడాలి. ఆ దెబ్బతో ప్రేమను గురించిన పొడుగాటి వాక్యం పిల్లలకు మంచినీళ్ళప్రాయమైంది.

గుమ్మంలోనే పాస్టరుగారు ఎదురయ్యారు. "సూదత్తా, ఇవాళ తనిఖీ అయ్యగారొస్తున్నారు. పిల్లలు తడబడ్డారో, నీ తరగతి ఎత్తేసి వీళ్ళని బుజ్జిపిల్లల్లో కలిపేస్తారట!"

"తడబడడమా? రైలైనా ఆగుతుందేమో గానీ మావాళ్ళు ఆగరండీ."

రైలుకు పట్టాలు కావాలన్న సంగతి ఆమెకు తట్టలేదు.

తనిఖీ అయ్యగారు రావడం రావడమే బంతిని చూశారు. "దేవుడి మందిరంలో బంతాటా?" అని దాన్ని తన సంచిలో పడేసుకుని ముందు వరుసలో కూర్చున్నారు. సంఘమంతా చూస్తుండగా పిల్లలు వచ్చి నిలబడ్డారు.

"ప్రేమ..." అంది గడగడ. తరగతి మొత్తానికి నోరున్న పిల్ల కనుక దానికి ఆ పేరు. అదీ అక్కడే ఆగిపోయింది. వరుసంతా దోసిళ్ళు పట్టి గాలిలోకి చూస్తోంది. ఎవరి చేతుల్లోనూ ఏమీ లేదు. అందుకే ఎవరి నోట్లోనూ ఏమీ లేదు.

"ఊఁ?" అన్నారు అయ్యగారు, కలం మూత తీస్తూ.

ఆ మూత చప్పుడుకి సూదత్త ఉలిక్కిపడి చేతిరుమాలు ఉండచుట్టి వెనకనుంచి విసిరింది. "దీర్ఘకాలము సహించును!" అని అరిచి, పట్టుకున్న పిల్లవాడు దాన్ని పైకి విసిరాడు. ఫ్యాను దాన్ని ఒడిసిపట్టుకుంది. మళ్ళీ అందరి దోసిళ్ళూ ఖాళీ. ఇక ఆగలేక పాస్టరుగారే తన కళ్ళజోడు పెట్టె విసిరారు. "దయ చూపించును!" అది చేతులు మారుతుండగా మూత తెరుచుకుంది. పెట్టె ఒకడికి, జోడు ఒకడికి. ఇంకేముంది, ఒక వాక్యం రెండై, రెండు కొసలనుంచి పరుగెత్తుకొచ్చి, మధ్యలో ఢీకొని, బెంచీకింద పడింది.

"అయిపోయిందా?" కలం కాగితంమీద ఆనింది.

గడగడ అటూ ఇటూ చూసి, కాలి బూటు ఊడదీసింది. "అమర్యాదగా నడువదు!" అంటూ, అందరికంటే పొడుగని నిచ్చెన అని పిలిచే కుర్రాడికి విసిరింది.

"వద్దే తల్లీ!" అంది సూదత్త.

"స్వప్రయోజనమును విచారించుకొనదు!" నిచ్చెన చెయ్యి ఆ ఊపులో ఆగలేదు. బూటు పిల్లల తలలమీదుగా ఎగిరి తిన్నగా ముందు వరుసకు వెళ్ళింది. మనిషన్నాక మొహంమీదికి వచ్చేదాన్ని పట్టుకుంటాడు. అయ్యగారు రెండు చేతులా పట్టుకున్నారు.

సూదత్త కళ్ళు మూసుకుంది. తరగతి పోయినట్టే.

"చెప్పండి!" అన్నారు పిల్లలంతా ఒక్క గొంతుతో.

అయ్యగారి మొహం కందగడ్డయింది. నోరు తెరిచారు. "అది... అదేంటంటే..."

గడగడకు జాలేసింది. "త్వరగా కోపపడదు, తాతగారూ," అంది మెల్లగా.

"చెప్పలేకపోతే ఒంటికాలండీ," అని గుర్తుచేశాడు నిచ్చెన.

అయ్యగారు పాస్టరుగారి వైపు చూశారు. కళ్ళజోడు లేని పాస్టరుగారు గోడవైపు చూశారు. ఎంతసేపు మింగారో ఆ కోపాన్ని, చివరికి బూటు కింద పెట్టి, కుర్చీ పట్టుకుని, ఒక కాలెత్తారు. అలాగే నిలబడి సంచిలోంచి బంతి తీశారు.

"ఏమమ్మా, ఈ తరగతిలో ముసలాళ్ళని చేర్చుకుంటావా?" అన్నారు సూదత్తతో. "కానివ్వండ్రా, మళ్ళీ మొదటినుంచి!"

మరుసటి ఆదివారం పెద్దవాళ్ళందరూ చేతులు గట్టిగా కట్టుకుని కూర్చున్నారు. కొత్తగా వచ్చినవాళ్ళు దాన్ని భక్తి అనుకున్నారు.