నాణేల పుస్తకాలకు బెల్లం జిగురు

ఆ గురువారం పొద్దున్న నోవహు పెట్టుకున్న పని చిన్నదే. మూడో బీరువాలోని పుస్తకాల అట్టల మీద నంబరు కాగితాలు అంటించాలి. మధ్యాహ్నం బస్సులో విశాఖపట్నం నుంచి వచ్చే కాలేజీ లైబ్రేరియన్‌కు చూపించాలి. ఆయన బాగుందంటే నోవహుకు కాలేజీలో గుమాస్తా పని, పని దొరికితే జ్ఞానకుమారితో పెళ్ళి. పిల్ల తండ్రి తోమా మాట ఒక్కటే. "జీతం సూపించు, పిల్లని తీసుకెళ్ళు."

పుస్తకాలు చోడవరంలో ప్లీడరీ చేసి మానుకున్న గణపతిరావుగారి తండ్రివి. శాతవాహనుల నుంచి గోల్కొండ నవాబుల దాకా ఏ రాజు ఏ నాణెం కొట్టించాడో చెప్పే పుస్తకాలన్నీ ఆ పెద్దాయన తెప్పించుకున్నాడు. నాణెం మాత్రం ఒక్కటీ కొనలేదు. తండ్రి పోయాక గణపతిరావుగారు వాటిని కాలేజీకి ఇస్తానన్నారు. తీసుకుంటున్నామని కాలేజీ జవాబు కూడా రాసింది. జాబితా తయారుచెయ్యడానికి ఇంగ్లీషు చదవగల నోవహును పెట్టారు.

నోవహు సీసా మూత తీస్తే జిగురు ఎండి గాజులా ఉంది. బజారులో దొరకలేదు. అనకాపల్లి వెళ్ళి రావడానికి వ్యవధి లేదు. గణపతిరావుగారి భార్య నూకరత్నం జాలిపడి మైదా ఉడకబెట్టి ఇచ్చింది. పాత తోలు అట్టల మీద ఆ జిగురు నిలవలేదు. కాగితాలు అంటించినవి అంటించినట్టే రాలిపోయాయి.

"బెల్లం పాకం కలుపుదాం. మా వడ్డాదిలో పెళ్ళిపందిరికి రంగు కాగితాలు అలాగే అంటిస్తారు. పందిరి పడిపోయినా కాగితం ఊడదు," అంది నూకరత్నం.

"చీమలు పడతాయేమోనండి, అమ్మగారూ."

"మజ్జానానికే పడిపోతాయేటి? ఆయన సూసి ఎళ్ళిపోతాడు. అయ్యగారికి మాత్రం సెప్పకు. పుస్తకాల గదిలోకి తీపి తేవద్దని నా పెళ్ళైన కాడినుంచీ సెప్తన్నారు. ఒట్టెయ్యి."

"మేం కిరస్తానీలం, ఒట్టు వెయ్యకూడదండి. సెప్పను, అంతే."

జిగురు నిజంగానే గట్టిది. నోవహు చద్దన్నం తిని వచ్చేసరికి కాగితాలన్నీ అట్టల మీద ఉన్నాయి. కాగితాల మీద ఎర్రచీమలున్నాయి. కిటికీ నుంచి బీరువా దాకా వాటి బారు తెగకుండా నడుస్తోంది.

నోవహు పుస్తకాలన్నీ పెరట్లో ఎండలో పరిచాడు. పేజీ పేజీ విప్పి కుంచెతో దులిపాడు. చీమలు దిగాయి గాని, ప్రహరీగోడ మొదట్లో ఉన్న కన్నంలోంచి కొత్తవి వస్తూనే ఉన్నాయి. కన్నం తవ్వి పసుపునీళ్ళు పొయ్యకపోతే బస్సు వచ్చేలోగా మళ్ళీ ఎక్కేస్తాయి. పశువుల సాలలో గునపం దొరికింది.

సరిగ్గా అప్పుడే పక్కింటి అప్పలనరసమ్మ మజ్జిగకు వచ్చింది.

"ఏటి నోవహూ, తవ్వుతన్నావు?"

"ఏటీ లేదు పిన్నీ."

"ఏటీ లేందే గునపం ఎందుకురా?"

"ఊరికేనే."

ఎదుట విప్పి ఉన్న పుస్తకంలో చెయ్యంత బంగారు నాణెం బొమ్మ ఉంది. నోవహు చీమలెక్కాయేమోనని పుస్తకంలోకి తొంగిచూశాడు. కన్నం వైపు చూశాడు. ఒక పోటు పొడిచాడు. మళ్ళీ పుస్తకంలోకి చూశాడు. అప్పలనరసమ్మ మజ్జిగ మాట మరిచి, చెంబు అక్కడే వదిలేసి వెళ్ళిపోయింది.

కాసేపటికి గోడ మీద తలలు లేచాయి.

"పుస్తకంలో కొలత సరిగ్గా సూడు బాబూ!"

"ఎడం పక్కకి తవ్వమను. పెద్దాయన ఎప్పుడూ ఎడం పక్కే కూకునేవోడు."

"ఏమీ లేదండి, ఎళ్ళిపోండి!" అని నోవహు బతిమాలినకొద్దీ జనం పెరిగారు. అందరికన్నా ముందు గోడ దూకినవాడు తోమా. భుజాన పార ఉంది.

"మాఁవకి సెప్పకుండా తవ్వుతావేట్రా? ఇది దొరికితే జీతం ఎవడిక్కావాలి? ఆదివారమే పెళ్ళి!" అని పార ఎత్తి వేశాడు. గోడలో సగం కూలింది.

ఆ చప్పుడుకు గణపతిరావుగారు తడిపంచెతో బయటికి వచ్చారు. "ఎవడయ్యా నా గోడ పడగొట్టింది?"

"మీ నాన్నగారు దాసిన సొమ్ము ఎక్కడికీ పోదు బాబూ, కూసింత తాళండి," అన్నారెవరో.

వెనకాలే తలయారిని వెంటబెట్టుకుని మునసబు పెదబాబు దిగాడు. "భూమిలో దొరికిన పాత సొమ్ము సర్కారుది. ఎవరూ ముట్టుకోవద్దు."

"ఏం దొరికిందని వచ్చేవు?" అని గణపతిరావుగారు కేకలేశారు.

"దొరక్కముందే వచ్చేనండి. దొరికినాక వస్తే ఏటి మిగులుద్ది?" అని మునసబు నోవహు వైపు తిరిగాడు. "ఎందుకు తవ్వేవో సెప్పు."

నోవహు గుమ్మం వైపు చూశాడు. తలుపు చాటున నూకరత్నం వద్దు వద్దని తల ఊపుతోంది. దూరంగా బస్సు హారను వినిపించింది. అతనికి ఉద్యోగం, జ్ఞానకుమారి కలిసే వెళ్ళిపోతున్నట్టు కనిపించారు. ఆ ముఖం చూసి నూకరత్నం ఆగలేకపోయింది.

"సీమల కోసమండీ! జిగుర్లో బెల్లం నేనే కలిపేను."

జనమంతా గొల్లున నవ్వారు. "ప్లీడరుగారి ఇల్లాలంటే ఇల్లాలే! ఎంత బాగా అల్లేరండీ!"

గణపతిరావుగారు ఒక కాగితాన్ని వేలితో రుద్ది నాలిక్కి రాసుకున్నారు. "బెల్లమే," అన్నారు భార్య వైపు చూస్తూ.

"చోడవరంలో బెల్లం దొరకడం ఓ సాక్ష్యమేటండీ? ఆ సీమలేవి?" అన్నాడు మునసబు. చీమలు కూలిన గోడ కింద ఉన్నాయి.

సొమ్ము ఎక్కడుందో చెప్పే పుస్తకాలు కూడా సొమ్ము కిందికే వస్తాయని మునసబు తేల్చాడు. వాటిని బీరువాల్లో పెట్టించి, తలుపులకు గుడ్డపీలికలు చుట్టి, లక్క సీలు వేశాడు. పైనుంచి ఉత్తర్వు వచ్చేదాకా తెరవకూడదన్నాడు. ఆ లక్క ఇంకా ఆరకముందే కూలిన గోడ మీదుగా లైబ్రేరియన్ లోపలికి వచ్చాడు.

ఆయన బీరువాలు చూశాడు. సీళ్ళు చూశాడు. నోవహు జాబితా అందించాడు. ఆయన నిలబడే చివరిదాకా చదివాడు. తోమా పార దించి, కాబోయే అల్లుడికి రెండడుగులు ఎడంగా జరిగాడు.

"జాబితా బాగుంది. కాని ఏం లాభం? పట్నంలో ఇప్పుడు నీకు పనేముంది?" అన్నాడు లైబ్రేరియన్.

నోవహు జాబితా వెనక్కి తీసుకోబోతే ఆయన ఇవ్వలేదు.

"ఇవి తీసుకున్నామని మేం రాసేశాం. అంటే కాలేజీ సొత్తు. కాలేజీ సొత్తు ఉన్నచోట కాలేజీ మనిషి ఉండి తీరాలి. ఇక్కడే ఉంటావా?"

"ఉండి ఏటి చెయ్యాలండి?"

"ఏమీ చెయ్యకూడదు. సీలు ఊడకుండా చూస్తూ కూర్చోవాలి. ఒకటో తారీఖున జీతం వస్తుంది."

తోమా ఆ రెండడుగులూ మళ్ళీ దగ్గరికి వేసి నోవహు భుజం మీద చెయ్యి వేశాడు. "మా అల్లుడేనండి," అన్నాడు.

పెళ్ళి ఆ వేసవిలోనే అయింది. ఉత్తర్వు తొందరగా వచ్చి గది ఖాళీ అవ్వాలని గణపతిరావుగారు సింహాచలం అప్పన్నకు మొక్కుకున్నారు. రాకూడదని నోవహు ప్రతి ఆదివారం చర్చిలో మోకరిస్తున్నాడు. ఇప్పటిదాకా నోవహు మాటే నెగ్గుతోంది.